అందరికీ రామన్ బాబాయి ఉండడు

1928 చివర్లో ఒకరోజు మద్రాసులో ఓ 18 ఏళ్ళ కుర్రాడు ఒక పెద్దాయనను వెతుక్కుంటూ ఆయన బస చేసిన హోటల్‌కు వెళ్ళాడు. కుర్రాడు ప్రెసిడెన్సీ కాలేజీలో బీఎస్సీ ఆనర్స్ విద్యార్థి. పెద్దాయన ఆర్నాల్డ్ సోమర్‌ఫెల్డ్, మ్యూనిక్ నుంచి వచ్చిన భౌతిక శాస్త్రవేత్త. పరమాణు నిర్మాణంపై సోమర్‌ఫెల్డ్ రాసిన పుస్తకాన్ని కుర్రాడు అప్పటికే సొంతంగా చదివేశాడు. ఆ మాట విని ఆయన మెచ్చుకుని పంపేసి ఉంటే కథ అక్కడితో ముగిసేది. కానీ ఆయన నువ్వు చదివిన భౌతికశాస్త్రానికి కాలం చెల్లిపోయిందని చెప్పేశాడు. రెండు మూడేళ్ళుగా ష్రోడింగర్, హైసెన్‌బర్గ్, డిరాక్ వంటి వాళ్ళు ఆ శాస్త్రాన్ని ఎలా తిరగరాస్తున్నారో వివరించాడు. లోహాల్లోని ఎలక్ట్రాన్లపై తాను రాసి, అప్పటికింకా వెలువడని వ్యాసం తాలూకు అచ్చు ప్రూఫులు చేతికిచ్చాడు.

ఆ కాగితాలు పట్టుకుని ఇంటికెళ్ళిన కుర్రాడు కొన్ని నెలల్లోనే సొంతంగా ఒక పరిశోధన వ్యాసం రాశాడు. 1929లో అది లండన్ రాయల్ సొసైటీ ప్రొసీడింగ్స్‌లో అచ్చయింది. దాన్ని అక్కడికి చేర్చిన కేంబ్రిడ్జ్ శాస్త్రవేత్త ఆర్.హెచ్. ఫౌలరే తర్వాత అతని గురువయ్యాడు. 1930లో స్కాలర్‌షిప్ మీద ఓడెక్కిన ఆ యువకుడి పేరు సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్. నక్షత్రాల అంతిమ దశపై అతను చేసిన కృషికి 1983లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ ఉదంతాన్ని మేధస్సుకు నిదర్శనంగా చెప్పుకోవడం రివాజు. మేధస్సు మాట నిజమే. కానీ ఇందులో మరో విషయం కూడా ఉంది. అదే 1928 వేసవిలో చంద్రశేఖర్ కలకత్తా వెళ్ళి అప్పట్లో దేశంలోకెల్లా పేరున్న భౌతికశాస్త్ర ప్రయోగశాలలో గడిపి వచ్చాడు. అది సి.వి. రామన్ ప్రయోగశాల. ఆ ఏడాది ఫిబ్రవరి 28నే అక్కడ రామన్ ఎఫెక్ట్ బయటపడింది. చంద్రశేఖర్‌కు రామన్ స్వయానా బాబాయి, తండ్రికి తమ్ముడు. పుస్తకంలో ఉన్నదే భౌతికశాస్త్రం కాదని, దాన్ని తయారుచేసే మనుషులుంటారని, వాళ్ళ దగ్గరికి వెళ్ళి మాట్లాడవచ్చని ఆ ఇంటి పిల్లాడికి ఎవరూ ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు.

బాబాయి లేని వాళ్ళూ అక్కడికి చేరుకున్నారు. అదే 1928లో కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టి, హైదరాబాద్ నిజాం కాలేజీలో చదివిన సూరి భగవంతం కూడా రామన్ దగ్గర పరిశోధన విద్యార్థిగా చేరాడు. 1932లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి అధ్యాపకుడిగా వచ్చి అక్కడ భౌతికశాస్త్ర పరిశోధన వేళ్ళూనుకోవడానికి కారకుడయ్యాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలర్‌గా, బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు డైరెక్టర్‌గా పనిచేశాడు. చుట్టరికంతో పనిలేకుండా ఆయన కలకత్తా దాకా వెళ్ళగలిగాడు. అయితే అలా వెళ్ళగలిగిన వాళ్ళు అప్పట్లో వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినంత మందే.

డిగ్రీలో భౌతికశాస్త్రం చదివే వారికోసం ప్రభుత్వాలు, విశ్వవిద్యాలయాలు పెట్టే స్కాలర్‌షిప్పులు, వేసవి శిక్షణలు, ప్రాజెక్టులు అన్నిటి పరమార్థం చివరికి ఒక్కటే. బాబాయి లేని వాళ్ళకు బాబాయి పాత్ర పోషించడం. కాగితం మీద చూస్తే భారతదేశంలో ఇలాంటి ఏర్పాట్లకు కొదవలేదు. అవి ఎవరి గుమ్మం దాకా వస్తున్నాయన్నదే ప్రశ్న.

ముందుగా లెక్కలు. 2021-22 అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం దేశంలో 1,168 విశ్వవిద్యాలయాలు, 45,473 కాలేజీలు ఉన్నాయి. డిగ్రీ స్థాయిలో చదువుతున్న ప్రతి 100 మందిలో సుమారు 15 మంది సైన్సు విద్యార్థులు. ఇంజనీరింగ్, టెక్నాలజీ కోర్సుల వాటా 12 మందే. టీవీ చర్చలు, పత్రికల పతాక శీర్షికలు, తల్లిదండ్రుల బెంగ అంతా ఆ 12 మంది చుట్టూ తిరుగుతుంటే, అంతకంటే ఎక్కువమంది సైన్సు డిగ్రీ తరగతుల్లో చడీచప్పుడూ లేకుండా చదువుకుంటున్నారు.

వీళ్ళలో చాలామంది చదివేది విశ్వవిద్యాలయం ప్రాంగణంలో కాదు, దాని అనుబంధ కాలేజీలో. ఒక మండల కేంద్రంలోని కాలేజీలో బీఎస్సీ భౌతికశాస్త్రం చదివే అమ్మాయిని ఊహించుకోండి. ఇంటర్‌లో ఎంపీసీ చదివింది. ఇంజనీరింగ్ ప్రవేశపరీక్ష రాసింది. కోరుకున్న సీటు రాలేదు, లేదా వచ్చిన సీటుకు ఇంట్లో డబ్బుల్లేవు. ఆమె దృష్టిలో విశ్వవిద్యాలయమంటే హాల్ టికెట్ మీద ముద్ర, పరీక్ష ఫీజు గడువు, చదువయ్యాక చేతికొచ్చే పట్టా. అక్కడి ప్రొఫెసర్లు ఏ పరిశోధన చేస్తున్నారో ఆమెకు తెలియదు. ఇలాంటి విద్యార్థిని ఒకరుందని వారికీ తెలియదు. వాళ్ళు చెప్పేది ఎక్కువగా ఎమ్మెస్సీకి, చేయించేది పీహెచ్‌డీ. బీఎస్సీ బాధ్యత కాలేజీకి వదిలేశారు.

ఇక కాలేజీలో ల్యాబ్ సంగతి. గ్రేటింగ్‌తో సోడియం కాంతి తరంగదైర్ఘ్యం కనుక్కోవాలి. ఒక దీపం, ఒక స్పెక్ట్రోమీటర్, చుట్టూ బ్యాచ్ మొత్తం. రావాల్సిన జవాబు 5893 ఆంగ్‌స్ట్రామ్‌లని అందరికీ ముందే తెలుసు. రీడింగులు ఆ జవాబుకు అనుగుణంగా సర్దుకుంటాయి. రికార్డు మీద సంతకం పడుతుంది. ప్రయోగమంటే తెలియని దాన్ని ప్రకృతిని అడిగి తెలుసుకోవడమన్న సంగతి ఆమెకు ఆ గదిలో తెలిసే అవకాశం లేదు. అందులో అధ్యాపకుల తప్పెంతో వ్యవస్థ తప్పూ అంతే. రికార్డుకు మార్కులుంటాయి. వచ్చిన తప్పు జవాబు ఎందుకు వచ్చిందో వెతికినందుకు ఉండవు.

ఆమెకు డబ్బు సాయం అందుతుందా? కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం 2008 డిసెంబర్‌లో ప్రారంభించిన ఇన్‌స్పైర్ కార్యక్రమంలో డిగ్రీ స్థాయిలో మౌలిక శాస్త్రాలు చదివే వారికి స్కాలర్‌షిప్ ఉంది. విలువ ఏడాదికి రూ. 80,000. అందులో రూ. 60,000 విద్యార్థి ఖర్చులకు, రూ. 20,000 వేసవిలో ఒక పరిశోధకుడి దగ్గర ప్రాజెక్టు చేసేందుకు. ఆలోచన చక్కటిదే. డబ్బుతోపాటు పరిశోధకుడి పరిచయాన్నీ ముడిపెట్టారు. మెలిక అర్హత దగ్గరుంది. 12వ తరగతి బోర్డు పరీక్షలో పై 1 శాతంలో ఉండాలి, లేదా జాతీయ స్థాయి ప్రవేశ పరీక్షల్లో మంచి ర్యాంకు ఉండాలి. కేంద్రం ఇచ్చే మరో స్కాలర్‌షిప్‌కు కూడా 12వ తరగతి మార్కులే కొలమానం. అందులో పై 20 శాతంలో ఉండి, కుటుంబ ఆదాయం పరిమితికి లోబడితే డిగ్రీలో ఏడాదికి రూ. 12,000 వస్తుంది.

తెలుగు రాష్ట్రాల్లో ఇంటర్ మార్కులంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. తెల్లవారుజామున స్టడీ అవర్స్‌తో మొదలై రాత్రి దాకా సాగే కార్పొరేట్ కాలేజీల కర్మాగారంలో తయారయ్యే సరుకది. పై 1 శాతంలోకి వచ్చే వారిలో ఎక్కువమంది చూపు ఐఐటీల మీద, మెడికల్ సీట్ల మీద ఉంటుంది. బీఎస్సీలో చేరే వారిలో ఎక్కువమంది ఆ 1 శాతంలో ఉండరు. ఒకరికి 17వ ఏట బట్టీ పట్టడం చేతకాకపోవచ్చు. 19వ ఏట, డిగ్రీ రెండో సంవత్సరంలో, ఒక మంచి మేష్టారి పాఠం విని విద్యుదయస్కాంత సిద్ధాంతం మీద మనసు పడవచ్చు. అలా ఆలస్యంగా మేల్కొన్న వారికి దారేది?

ఒకప్పుడు ఒక దారి ఉండేది. 1999లో మొదలైన కిశోర్ వైజ్ఞానిక్ ప్రోత్సాహన్ యోజన ఇంటర్ విద్యార్థులతోపాటు బీఎస్సీ మొదటి సంవత్సరం వారికీ ప్రత్యేకంగా పరీక్ష పెట్టేది. ఇంటర్ మార్కుల జాబితాను పక్కన పెట్టి, ఆలోచించే శక్తిని కొలిచే ప్రయత్నం చేసేది. ఎంపికైతే డిగ్రీ పూర్తయ్యేదాకా నెలకు రూ. 5,000, ఆపైన ఏడాదికోసారి ఇతర ఖర్చులకు కొంత మొత్తం. దీన్ని బెంగళూరు ఇన్‌స్టిట్యూట్ నిర్వహించేది. 2022లో ఈ పథకాన్ని ఇన్‌స్పైర్‌లో కలిపేశారు. పరీక్ష ఆగిపోయింది. రెండు పథకాలు ఒకే పని చేస్తున్నప్పుడు వేర్వేరుగా ఎందుకన్నది పరిపాలన కోణంలో సబబైన ప్రశ్నే. కానీ అవి ఒకే పని చేయలేదు. ఒకటి ఇంటర్ మార్కులకు బహుమానం ఇస్తే, రెండోది డిగ్రీలో చేరాక కూడా నిరూపించుకునేందుకు ఇంకో అవకాశం ఇచ్చేది. ఆ రెండోది పోయింది.

అలాగని తలుపులన్నీ మూసుకుపోలేదు. ముంబయిలోని హోమీ భాభా సైన్స్ విద్యా కేంద్రం 2004 నుంచి డిగ్రీ విద్యార్థుల కోసం ఒక జాతీయ కార్యక్రమం నడుపుతోంది. దేశం నలుమూలల నుంచి ఎంపిక చేసిన వారిని శిబిరానికి పిలిచి, వారిలో కొందరిచేత సెలవుల్లో నిజమైన ప్రాజెక్టులు చేయిస్తుంది. బెంగళూరు, ఢిల్లీ, అలహాబాద్‌లలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఏటా వేసవి పరిశోధన ఫెలోషిప్పులు ఇస్తాయి. ఎంపికైన వారు రెండు నెలలు ఒక శాస్త్రవేత్త దగ్గర పనిచేయవచ్చు. రైలు ఖర్చు, నెలవారీ భృతి అకాడమీలవే. విద్యార్థులే కాదు, అధ్యాపకులూ దరఖాస్తు చేసుకోవచ్చు. పుణేలోని ఖగోళశాస్త్ర సంస్థలు డిసెంబర్‌లో కాలేజీ విద్యార్థులకు రేడియో ఖగోళశాస్త్ర పాఠశాల నిర్వహిస్తాయి. నారాయణ్‌గావ్ దగ్గర ఖోదద్ గ్రామంలో 45 మీటర్ల వ్యాసంతో 30 డిష్‌లుగా పరుచుకున్న జీఎంఆర్‌టీ టెలిస్కోపు ఆ సంస్థల్లో ఒకదానిదే.

భౌతికశాస్త్ర అధ్యాపకులు స్వయంగా నిలబెట్టుకున్న ఏర్పాటు ఇంకొకటుంది. 1984లో డి.పి. ఖండేల్వాల్ చొరవతో పుట్టిన భారతీయ భౌతికశాస్త్ర అధ్యాపకుల సంఘం ఏటా జనవరిలో డిగ్రీ విద్యార్థులకు జాతీయ స్థాయి పరీక్ష నిర్వహిస్తుంది. ఏ కాలేజీ అయినా కేంద్రంగా నమోదు కావచ్చు. మారుమూల కాలేజీలో చదివే వారికి కూడా దేశంలోని సాటి విద్యార్థులతో పోలిస్తే తానెక్కడున్నదీ తెలుస్తుంది. తక్కువ ఖర్చుతో ప్రయోగాలు చేసి చూపించే ‘అన్వేషిక’ కేంద్రాలు కూడా ఈ సంఘం నీడలోనే, కాన్పూర్ ఐఐటీ ప్రొఫెసర్‌గా పనిచేసిన హెచ్.సి. వర్మ మార్గదర్శకత్వంలో విస్తరించాయి. ఎంట్రన్సుల కోసం ఆయన పుస్తకంతో కుస్తీ పట్టని ఎంపీసీ విద్యార్థులు అరుదు. ఆయన ఇలాంటి పని కూడా చేశారని తెలిసినవారు అంతకంటే అరుదు.

ఇన్ని ఉన్నా మండల కేంద్రంలోని అమ్మాయికి ఇవి ఎందుకు అందవు? మొదటి కారణం క్యాలెండర్. వేసవి ఫెలోషిప్‌కు వేసవిలో దరఖాస్తు చేస్తే కుదరదు. అంతకుముందు శీతాకాలం మొదలయ్యేనాటికే గడువు ముగుస్తుంది. అంటే రెండో సంవత్సరం చివరి సెలవుల్లో పరిశోధనశాలకు వెళ్ళాలంటే ఆ సంవత్సరం సగం కాకముందే ఆ సంగతి తెలిసి ఉండాలి. చాలామందికి తెలిసేది చివరి సెమిస్టర్‌లో, ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్షకు తయారవుతూ వేరే కాలేజీ వాళ్ళను కలిసినప్పుడు. అప్పటికి రైలు వెళ్ళిపోయి ఉంటుంది.

రెండోది సిఫార్సు లేఖ. దరఖాస్తుతోపాటు విద్యార్థిని బాగా తెలిసిన అధ్యాపకుడు రాసిన లేఖ పంపాలి. పేరున్న సంస్థల్లో ఇది మామూలు వ్యవహారం. అనుబంధ కాలేజీలో ఒకే అధ్యాపకుడు వారమంతా అన్ని సెమిస్టర్ల క్లాసులు, ప్రాక్టికల్స్ చూసుకుంటుంటే, ఒక్కో విద్యార్థి గురించి నాలుగు నిజమైన వాక్యాలు రాసే తీరిక ఎక్కడిది? ‘ఈ విద్యార్థి ప్రవర్తన సంతృప్తికరం’ అన్న కాండక్ట్ సర్టిఫికెట్ భాషతో ఏ శాస్త్రవేత్తా ఎవరినీ తన ల్యాబ్‌లోకి తీసుకోడు.

మూడోది పరీక్షలు. పరిశోధన సంస్థల సెలవులు మే నుంచి జూలై మధ్య ఉంటాయి. అనుబంధ కాలేజీల సెమిస్టర్ పరీక్షలు ఒక నెల వెనక్కి జరిగినా రెండు నెలల ఫెలోషిప్‌కు గండి పడుతుంది. నాలుగోది ఇల్లు. ఆడపిల్ల రెండు నెలలు వేరే రాష్ట్రంలో, ఎవరికీ తెలియని చోట, దేనికి? ఉద్యోగమా? కాదు. సర్టిఫికెట్టా? అదీ పెద్దది కాదు. ఆ ప్రశ్నకు తల్లిదండ్రులకు నమ్మకం కలిగేలా జవాబు చెప్పగలిగింది కాలేజీలో ఒక మేష్టారో, అంతకుముందు వెళ్ళొచ్చిన సీనియరో మాత్రమే. ఒక కాలేజీ నుంచి ఒక్కరు వెళ్ళొస్తే మరుసటి ఏడాది ముగ్గురు దరఖాస్తు చేస్తారు. ఆ మొదటి మనిషి దొరకడమే కష్టం.

ఈ దూరం ఇవాళ్టిది కాదు. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో దేశంలో పరిశోధన ఎక్కడ జరగాలన్న చర్చ వచ్చింది. 1942లో సీఎస్ఐఆర్, 1945లో టాటా ఇన్‌స్టిట్యూట్, 1948లో అణుశక్తి సంఘం ఏర్పడ్డాయి. డబ్బు, పరికరాలు, మనుషులు ప్రత్యేక ప్రయోగశాలల వైపు మళ్ళాయి. మేఘనాథ్ సాహా దీన్ని వ్యతిరేకించాడు. విశ్వవిద్యాలయాలను బలపరచకుండా వాటికి దూరంగా పరిశోధనను నిర్మించడం తప్పన్నది ఆయన వాదన. ఆయన మాట నెగ్గలేదు. ప్రత్యేక ప్రయోగశాలలు దేశానికి చాలానే సాధించి పెట్టాయన్నది నిజం. అయితే పరిశోధించేవారు ఒకచోట, పాఠం చెప్పేవారు మరోచోట, నేర్చుకునేవారు ఇంకోచోట అన్న అమరిక అప్పుడే ఖాయమైంది.

ఆ తప్పును దిద్దేందుకే 2006 నుంచి ఐసర్‌లు వచ్చాయి. పుణే, కోల్‌కతాలతో మొదలై 2015లో తిరుపతికి, మరుసటి ఏడాది బరంపురానికి చేరాయి. 2007లో భువనేశ్వర్‌లో నైసర్ ఏర్పడింది. అక్కడ పరిశోధకులే డిగ్రీ విద్యార్థులకు పాఠం చెబుతారు. మొదటి ఏడాది నుంచీ ల్యాబ్ తలుపులు తెరిచి ఉంటాయి. ఫలితాలూ బాగున్నాయి. కానీ ఈ సంస్థలన్నీ కలిపినా దేశంలోని సైన్సు డిగ్రీ విద్యార్థుల్లో వాటికి వెళ్ళేది చిటికెడు మందే. సమస్యను పరిష్కరించాల్సిన చోట దానికి పక్కగా ఒక మంచి భవనం కట్టడం మన అలవాటు. అలా 1940ల్లో కట్టాం. 2000 దశకంలోనూ కట్టాం.

ఇప్పుడు ఈ విషయం వాయిదా వేయలేని స్థితికి వచ్చింది. 2020 జాతీయ విద్యా విధానానికి అనుగుణంగా యూజీసీ 2022 డిసెంబర్‌లో నాలుగేళ్ళ డిగ్రీ చట్రాన్ని ప్రకటించింది. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం మార్కులు తెచ్చుకున్నవారు నాలుగో ఏడాది పరిశోధనతో కూడిన ఆనర్స్ చేయవచ్చు. అందులో 12 క్రెడిట్లు ఒక పరిశోధన ప్రాజెక్టుకే. నాలుగేళ్ళ డిగ్రీ ఉన్నవారికి ఎమ్మెస్సీ లేకుండానే నెట్ రాసి పీహెచ్‌డీలో చేరే వెసులుబాటూ 2024లో ఇచ్చారు. కాగితం మీద ఇది డిగ్రీ విద్యార్థికి దక్కిన పెద్ద గౌరవం.

ఆచరణలో? మన మండల కేంద్రం అమ్మాయి 80 శాతం తెచ్చుకుందనుకుందాం. పరిశోధన ఎవరి దగ్గర చేయాలి? కాలేజీలో పీహెచ్‌డీ పర్యవేక్షణ అర్హత ఉన్నవారు లేకపోవచ్చు. పరికరాలు లేవు. అప్పుడు రెండే జరుగుతాయి. కాలేజీ ఆ కోర్సు పెట్టదు, ఆమె మూడేళ్ళతో సరిపెట్టుకుంటుంది. లేదా కోర్సు పెడతారు, ప్రాజెక్టు పాత రికార్డులాగే తయారవుతుంది. జవాబు ముందే తెలిసిన ప్రాజెక్టు, నీట్‌గా బైండింగ్ చేసిన కాపీ, ఓ సంతకం. మొదటిదానికంటే రెండోది ప్రమాదకరం. తాను పరిశోధన చేశానని ఆమె నమ్ముతుంది. పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో అసలు విషయం బయటపడుతుంది.

విచిత్రమేమిటంటే ఈ దూరం తగ్గించడానికి కోట్లు అక్కర్లేదు. హైదరాబాద్ విషయమే తీసుకోండి. 1974లో ఏర్పడిన హైదరాబాద్ విశ్వవిద్యాలయం, టాటా ఇన్‌స్టిట్యూట్ ప్రాంగణం, భూభౌతిక పరిశోధన సంస్థ ఒకే నగరంలో ఉన్నాయి. అదే నగరంలో పదులకొద్దీ కాలేజీల్లో బీఎస్సీ భౌతికశాస్త్రం చదువుతున్నారు. మధ్యనున్నది సిటీ బస్సు దూరం. ఆ బస్సెక్కమని చెప్పే బాధ్యత మాత్రం ఎవరి ఉద్యోగంలోనూ లేదు.

విశ్వవిద్యాలయం తన అనుబంధ కాలేజీల విద్యార్థులను తన విద్యార్థులుగా లెక్కేసుకోవడం మొదటి మెట్టు. వేసవిలో ఖాళీగా ఉండే ఎమ్మెస్సీ ల్యాబ్‌లను నాలుగు వారాలు బీఎస్సీ వారికి తెరిస్తే దీపం చుట్టూ బ్యాచ్ మొత్తం నిలబడాల్సిన పని ఉండదు. ప్రతి కాలేజీలో ఒక అధ్యాపకుడికి వారానికి రెండు క్లాసులు తగ్గించి, ఫెలోషిప్పుల గడువులు, దరఖాస్తులు, లేఖల పని అప్పగిస్తే ఖజానాకు చిల్లు పడదు. పరీక్షల తేదీలను ఏడాది ముందే ప్రకటించి వాటికి కట్టుబడటానికి పైసా ఖర్చు కాదు. సైన్స్ అకాడమీలు కాలేజీల్లోనే రెండు మూడు రోజుల ఉపన్యాస శిబిరాలు పెడతాయి. కావాల్సిందల్లా కాలేజీ అడగడమే.

పరికరాల మాటకొస్తే ఢిల్లీలోని అంతర్ విశ్వవిద్యాలయ యాక్సిలరేటర్ కేంద్రం ‘ఎక్స్‌పైస్’ అనే అరచేతిలో ఇమిడే పరికరాన్ని రూపొందించింది. కంప్యూటర్‌కు తగిలిస్తే అది ఆసిలోస్కోప్‌గా, సిగ్నల్ జనరేటర్‌గా పనిచేస్తుంది. దాని డిజైన్, సాఫ్ట్‌వేర్ ఎవరైనా వాడుకోవచ్చు. ఖరీదు వేల రూపాయల్లోనే. లోలకం ఊగే తీరును స్టాప్‌వాచీతో కాకుండా తెర మీద గీతగా చూసిన విద్యార్థి, ఆ గీత లెక్కతో ఎందుకు సరిపోలేదని అడగడం మొదలుపెడుతుంది. పరిశోధన మొదలయ్యేది అక్కడే.

బీఎస్సీ చదివిన వారందరూ శాస్త్రవేత్తలవుతారా అన్న ప్రశ్న తప్పక వస్తుంది. కారు, కానక్కర్లేదు. కొందరు బ్యాంకు పరీక్షలు రాస్తారు. కొందరు సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్తారు. చాలామంది బీఈడీ చేసి బడిలో పాఠాలు చెబుతారు. అసలు ఈ వ్యవహారంలో ఎక్కువ పణంగా ఉన్నది అక్కడే. వాతావరణం ఎందుకు మారుతోందో, విద్యుత్తు ఎలా వస్తుందో రేపు జిల్లా పరిషత్ హైస్కూల్ పిల్లలకు చెప్పేది ఈ తరగతుల నుంచి వచ్చినవాళ్ళే. జవాబుకు తగ్గట్టు రీడింగులు సర్దడం నేర్చుకుని వచ్చిన టీచరు అదే నేర్పుతారు. ఒక్క వేసవి నిజమైన ల్యాబ్‌లో తలబద్దలు కొట్టుకుని వచ్చిన టీచరు, ‘తెలియదు, చూద్దాం’ అనగలరు. ఆ రెండు మాటలు విన్న పిల్లలకూ, వినని పిల్లలకూ చాలా తేడా ఉంటుంది.

చంద్రశేఖర్‌కు సోమర్‌ఫెల్డ్ ఇచ్చినవి కాస్త సమయం, కొన్ని అచ్చు కాగితాలు. వాటి ఖరీదు ఎంతో కాదు. అంతపాటి సాయం చేయగల శాస్త్రవేత్తలు ఇవాళ దేశంలో వేల సంఖ్యలో ఉన్నారు. వారిలో చాలామంది అడిగితే కాదనరు. కానీ తలుపు తట్టాలంటే ముందు ఆయన ఊళ్ళో దిగాడన్న కబురు అందాలి.